మెటల్ మోజుతో బేస్ పట్టినవాళ్లకి ఏ స్ట్రింగ్స్? ఏళ్ల తరబడి వాడాక నా మాట

బేస్ గిటార్ కొత్తగా కొన్నవాళ్లు, అందులోనూ మెటల్ పిచ్చి ఉన్నవాళ్లు, ముందుగా అడిగేది ఏ కంపెనీ స్ట్రింగ్స్ మంచివని. నేను విశాఖలో నాలుగు తీగల బేస్ మీద ఏళ్లుగా రకరకాల సెట్లు మార్చి మార్చి వాయిస్తున్నాను, నన్నడిగితే కంపెనీ సంగతి తర్వాత, మీరు వాయించే పాటలు ఏ ట్యూనింగ్‌లో ఉన్నాయో అది ముందు చూసుకోండి.

మామూలు ఇ-ఎ-డి-జి ట్యూనింగ్‌కి 45 నుంచి 105 సెట్ హాయిగా సరిపోతుంది. ఈ అంకెలు అంగుళంలో వెయ్యో వంతుల్లో తీగ మందం. డ్రాప్ డి కోసం లావు తీగని రెండు ఫ్రెట్ల మేర దించితే టెన్షన్ దాదాపు 20 శాతం పోతుంది, ఆ తేడా చేతికే తెలుస్తుంది: తీగ వదులై ఫ్రెట్లకి తగిలి గరగరమంటుంది, గట్టిగా కొట్టినప్పుడల్లా స్వరం ముందు కాస్త పైకి ఎగిరి ఆ తర్వాత గానీ కుదురుకోదు. ఎక్కువగా డ్రాప్ డిలోనే ఉండేవాళ్లకి ఎర్నీ బాల్ పవర్ స్లింకీ, అంటే 55 నుంచి 110 సెట్, బిగువుగా బాగుంటుంది. సి దాకా దిగాలంటే మాత్రం అదీ చాలదు. ఐదు తీగల సెట్ కొని, సన్నటి జి తీగ పక్కన పెట్టేసి మిగతా నాలుగూ ఎక్కించుకోండి. ఆ సెట్‌లోని లావుపాటి 130 తీగ నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) గాడిలో కూర్చోదు కాబట్టి ఆ గాడిని కొంచెం రాయించాలి, అది చేయి తిరిగినవాళ్లకే అప్పగించండి.

హెవీగా వినిపించాలంటే లావు తీగలే వేయాలన్న మాట నేను ఒప్పుకోను. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ 1971 నాటికే సి షార్ప్‌కి దిగింది, అదీ గిటారిస్టు టోనీ అయోమీ తెగిన వేళ్లకి తీగలు మెత్తగా ఉండాలని! రెండు గిటార్లు డిస్టార్షన్‌తో మోగుతుంటే బేస్‌లోని కింది స్వరం ఎలాగూ వాటి కింద కలిసిపోతుంది, మనది వినపడాలంటే ఆ లోహపు ఖంగు ఉండాలి. ఆ ఖంగు స్టీల్ రౌండ్‌వౌండ్‌లో, అంటే పైన గుండ్రటి తీగ చుట్టిన వాటిలో ఉంది. రోటోసౌండ్ స్వింగ్ బేస్ 66 కొత్తగా ఎక్కించి పిక్‌తో వాయిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కాకపోతే స్టీల్ వేళ్లకి గరుకు, ఫ్రెట్లనీ త్వరగా అరగదీస్తుంది. అందుకే మొదటి సెట్‌గా నికెల్ కొనమంటాను. డి'అడారియో ఈఎక్స్‌ఎల్ 160, 50 నుంచి 105, డ్రాప్ డికి కూడా పర్వాలేదు, వేళ్లు కాయలు కాసేదాకా అది వాడి తర్వాత స్టీల్‌కి వెళ్లండి. చదునైన చుట్టు ఉండే ఫ్లాట్‌వౌండ్‌తో మెటల్ రాదనీ అనుకోవద్దు, ఐరన్ మెయిడెన్ బేసిస్టు స్టీవ్ హారిస్ వాయించేది అవే, ఖంగంతా ఆయన వేళ్ల దెబ్బలో ఉంటుంది.

మా సముద్రపు గాలికి, చేతి చెమటకి చుట్ల సందుల్లో నల్లటి జిడ్డు పేరుకుంటుంది, ముందు పోయేది ఆ ఖంగే. వాయించడం అయిపోగానే పొడిగుడ్డని తీగ కిందికి దూర్చి, అడుగుభాగం కూడా పట్టి తుడవండి, పైన ఒక్కసారి రుద్దితే చాలదు. పాత తీగల్ని నీళ్లలో మరిగించి బాగా ఆరబెట్టి మళ్లీ ఎక్కిస్తే కొన్నాళ్లు ఆ ఖంగు తిరిగొస్తుంది, డబ్బుల్లేనప్పుడు నేనిప్పటికీ అదే చేస్తాను.

ఎక్కించేటప్పుడు తీగ చుట్టే ట్యూనింగ్ మేకు దాటాక మూడు నాలుగు అంగుళాలు ఉంచి, కత్తిరించాల్సిన చోటికి కాస్త ముందే తీగని నిటారుగా వంచి, ఆ వంపు అవతల కత్తిరించండి. వంచకుండా కత్తిరిస్తే పై చుట్టు వదులై తీగ మూగబోతుంది. గేజ్ (తీగ మందం) మార్చారంటే మెడ మీద లాగుడు మారుతుంది, కాబట్టి ఒక రాత్రి అలా వదిలేసి, మర్నాడు మొదటి ఫ్రెట్‌నీ మెడ చివరి ఫ్రెట్‌నీ ఒకేసారి నొక్కి మధ్యలో తీగ కింద సందు చూసుకోండి. విజిటింగ్ కార్డు దూరేంత సందుంటే ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి కడ్డీ) జోలికి వెళ్లక్కర్లేదు.