సిక్కోలు చీకట్లో 10×50 బైనాక్యులర్

టెలిస్కోప్ కొనాలా, బైనాక్యులర్ కొనాలా అని అడిగేవాళ్లకి నా జవాబు ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండేవాళ్లయితే ముందు 10×50 బైనాక్యులర్, దాంతోపాటు గట్టి ట్రైపాడ్. 2019 చివర్లో కొన్నదే ఇప్పటికీ వాడుతున్నాను. పోరో ప్రిజం రకం (లోపలి గాజు పట్టకాల వల్ల ముందు గొట్టాలు ఎడంగా ఉండేది), బరువు కిలోకి కాస్త తక్కువ, అప్పట్లో ఎనిమిది వేల లోపే పడింది. కంపెనీ పేరు చెప్పను. నేను చెప్పబోయే మంచీ చెడ్డా ఈ ధరలో దొరికే అన్నిటికీ దాదాపు వర్తిస్తాయి.

10 అంటే పదింతలు పెద్దగా చూపిస్తుందని, 50 అంటే ముందు అద్దం వ్యాసం 50 మిల్లీమీటర్లని. 50ని 10తో భాగిస్తే 5 వస్తుంది. కంటి దగ్గర బయటికొచ్చే వెలుగు గుండ్రం వెడల్పు అది. చీకట్లో కుర్రాళ్ల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ ఆ విచ్చుకోవడం తగ్గుతుంది. నలభై దాటిన నాకు 7×50 కొంటే అది పంపే వెలుగులో కొంత కంట్లోకి పోకుండానే వృథా అయ్యేది. నాది ఒక చూపులో 6.5 డిగ్రీల ఆకాశాన్ని పడుతుంది. నిండు చందమామలు పదమూడు వరసగా పేర్చినంత వెడల్పన్నమాట.

టెలిస్కోప్ వద్దని కాదు. మన వాతావరణం ముందు చూసుకోమంటున్నాను. జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు. ఆ వెనకే తుపాన్ల కాలం. డిసెంబరు, జనవరిల్లో పొలాల మీద మంచు దిగి, తెల్లవారుజాముకి అద్దాలన్నీ తడిసిపోతాయి. ఆకాశం నిజంగా మన చేతికొచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకానే. మిగతా రోజుల్లో రెండు మబ్బుల సందున దొరికే గంటో అరగంటో. ఆ అరగంటలో టెలిస్కోప్ మేడ మీదికి మోసి, నిలబెట్టి, సరిచూసుకునేలోగా మళ్లీ మూసుకుంటుంది. బైనాక్యులర్ మెడలో వేసుకుని మెట్లెక్కితే చాలు. ఇక డబ్బా మీద ‘525 రెట్లు’ అని రాసి అమ్మే చిన్న టెలిస్కోపుల జోలికి అసలు పోవద్దు. అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాకానే పనికొచ్చే పెద్దతనం. 76 మిల్లీమీటర్ల దానికి 150 దాటితే కనిపించేది మసకే.

చందమామ కోసం, గ్రహాల కోసం కొన్నాను. తీరా దాన్ని ఇన్నాళ్లు నా దగ్గర నిలబెట్టింది దక్షిణాకాశం. శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం ఉత్తరాన ఆ ఎత్తులోనే ఉంటుంది. అది కిందికి ఉన్నకొద్దీ దక్షిణాన మనకి అంత ఎక్కువ ఆకాశం దక్కుతుంది. యూరప్‌లో చాలా దేశాలవాళ్లకి ఎప్పటికీ కనపడని చుక్కలు మనకి కళింగపట్నం ఇసుకలో కూర్చుంటే కనిపిస్తాయి. పైగా మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా పోతుంది కాబట్టి సరిగ్గా దక్షిణానికి తిరిగితే ఎదురుగా ఉండేది సముద్రమే. ఊళ్లు లేవు, వీధి దీపాలు లేవు.

కొత్తవాళ్లకి నేను నేర్పే దారి ఒకటుంది. పెళ్లిలో పంతులుగారు చూపించే అరుంధతి అందరికీ తెలుసు, పట్టపగలే చూపించినా సరే. ఆ అరుంధతీ వశిష్ఠులు, చిత్త నక్షత్రం, దక్షిణాన ఒమేగా సెంటారీ అనే నక్షత్రాల గుంపు, అన్నీ ఇంచుమించు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి. ఏప్రిల్ నడిమికి అర్ధరాత్రి, మే నడిమికి రాత్రి పది, మే చివరికి తొమ్మిది గంటల వేళ ఆ గీత సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. అరుంధతిని ఉత్తరాన చూసి, అక్కడే వెనక్కి తిరిగి, దక్షిణాన ఎత్తులో తెల్లగా మెరిసే చిత్తని పట్టుకోవాలి. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే అది పది డిగ్రీలు. చిత్త నుంచి నిట్టనిలువుగా కిందికి మూడున్నర పిడికిళ్లు దిగితే ఒమేగా సెంటారీ. బైనాక్యులర్‌లో అయితే అయిదున్నర చూపులు. దిగంతం నుంచి 24 డిగ్రీల ఎత్తులో ఉంటుంది కాబట్టి కొబ్బరి చెట్లు అడ్డం రాకుండా నిలబడాలి. చుక్కలా సూదిగా ఉండదు. గుండ్రంగా, మెత్తగా, అంచులు కరిగిపోయిన బూడిదరంగు ముద్ద. రెండు నిమిషాలు కళ్లు తిప్పకుండా చూస్తే నడుమ చిక్కదనం, అంచుల్లో పలచదనం తేడా తెలుస్తాయి. దాదాపు కోటి నక్షత్రాలు, 17 వేల కాంతి సంవత్సరాల దూరం. మొదటిసారి అది దొరికిన రాత్రి మిగతావేవీ వెతకలేదు.

దానికి కాస్త కుడిగా, దిగంతానికి దగ్గరగా దక్షిణ శిలువ. పై చుక్క 14 డిగ్రీల ఎత్తులో, కింది చుక్క 8 డిగ్రీల పైన. సముద్రపు ఆవిరి పొర బాగా ఉన్న రాత్రి ఆ కింది చుక్క కంటికి ఆనదు, బైనాక్యులర్‌కి మాత్రం దొరుకుతుంది. ఏప్రిల్ మొదట్లో రాత్రి పది ప్రాంతంలో దక్షిణాన 12 డిగ్రీల ఎత్తున కరీనా నెబ్యులా, అంటే వాయువు, ధూళి కలిసిన మేఘం, తెల్లని మసకలా ఉంటుంది. చలికాలం సాయంత్రాల్లో అగస్త్య నక్షత్రం సరేసరి.

ట్రైపాడ్ సంగతి. చేత్తో పట్టుకుంటే పదింతల పెద్దతనంలో చెయ్యి వణుకూ పదింతలే. బైనాక్యులర్ మధ్య కడ్డీ ముందున్న మూత విప్పితే మర ఉంటుంది. ఎల్ ఆకారపు అడాప్టర్ అక్కడ బిగించి, మామూలు కెమెరా ట్రైపాడ్ మీద పెట్టొచ్చు. అడాప్టర్ కొన్న రోజునే నాకు గురుగ్రహం నాలుగు ఉపగ్రహాలు నిలకడగా కనపడ్డాయి. కానీ నెత్తి మీది ఆకాశానికి ట్రైపాడ్ పనికిరాదు, మెడ పట్టేస్తుంది. దానికి మేడ మీద నులక మంచమే మందు. వెల్లకిలా పడుకుని మోచేతులు పట్టెల మీద ఆనిస్తే చాలు.

కళింగపట్నంలో ఒక చలికాలం సాయంత్రం ట్రైపాడ్ మీద పెట్టి చూస్తుంటే వలలు సర్దుకుంటున్న తాత ఒకాయన దగ్గరికొచ్చాడు. “ఏటి బాబూ, ఏదైనా బోటు తప్పిపోనాదేటి?” అన్నాడు. బోటు కాదు తాతా, చుక్కలు చూస్తున్నానన్నాను. “సుక్కలకి గొట్టాలెందుకు బాబూ, కళ్లు నేవా?” అప్పుడు తూర్పున పిల్లలకోడి పైకొచ్చి ఉంది, కృత్తికలు. దానికి గురిపెట్టి చూడమన్నాను. ముందు ఒక కన్నే పెట్టాడు. రెండూ పెట్టమని గొట్టాల ఎడం ఆయన మొహానికి సరిపడా దగ్గరికి జరిపాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఓలబ్బో, ఇన్ని పిల్లలేటి! మా కళ్లకి ఆరే కద” అన్నాడు. వేట మీద ఉన్నప్పుడు ఇది నెత్తి మీదికొచ్చేసరికి ఎంత రాత్రయిందో చెప్పేసేవాళ్లమని కూడా అన్నాడు. కృత్తికలు మనకి నెత్తి నుంచి ఆరు డిగ్రీల తేడాతోనే దాటతాయి కాబట్టి ఆ లెక్క తప్పే అవకాశం లేదు. పెద్ద టెలిస్కోప్‌లో ఈ గుంపు మొత్తం ఒక చూపులో పట్టదు. బైనాక్యులర్‌దే ఇక్కడ పైచేయి.

గ్రహాల దగ్గర మాత్రం అంత ఆశ పెట్టుకోవద్దు. శని వలయం కనపడదు, కాస్త కోలగా ఉన్న చుక్క కనపడుతుంది. 2020 డిసెంబరు 21న గురుడు, శని డిగ్రీలో పదో వంతు దూరానికి వచ్చినప్పుడు మాత్రం రెండూ విడివిడిగా, పక్కన గురుడి ఉపగ్రహాలతో సహా కనపడటం ఇప్పటికీ గుర్తే. 2025 మార్చి మొదట్లో శుక్రుడు నెలవంకలా కనిపించాడు. అదే ఏడాది చివర్లో కృత్తికలకి దక్షిణంగా యురేనస్‌ని కూడా పట్టుకున్నాను, ఆకుపచ్చ నీలం కలిసిన చిన్న చుక్క. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా తిప్పకండి, కన్ను పోతుంది. అరసవల్లి స్వామి ఊళ్లో ఉన్నా ఆయన్ని గుళ్లోనే చూడాలి.

ఫొటోల సంగతికొస్తే, కంటి అద్దం దగ్గర ఫోన్ పెట్టి తీసే చందమామ ఫొటోలు బాగానే వస్తాయి, వెలుగు తగ్గించుకోవడం తెలిస్తే. అంతకుమించి బైనాక్యులర్‌తో ఫొటోలు ఆశించొద్దు. పాలపుంత ఫొటోకి అదే ట్రైపాడ్ మీద ఫోన్ ఒక్కటే పెట్టాలి. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (వెలుగుని పట్టే సున్నితత్వం) 1600 నుంచి 3200, షట్టర్ 15 సెకన్లు, ఫోకస్ చేత్తో అనంతానికి, మూడు సెకన్ల టైమర్. భూమి నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ తిరుగుతుంది కాబట్టి 20 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. ఒకే చోట ఇరవై ముప్ఫై ఫొటోలు తీసి సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కలిపితే గరుకుదనం పోతుంది. పాలపుంత నడిబొడ్డు రాత్రంతా ఉండే నెలలు మనకి వానాకాలం. అందుకే మార్చి, ఏప్రిల్ తెల్లవారుజామున మూడింటికి లేవాలి. అప్పుడు వృశ్చికం, ధనుస్సు ఆగ్నేయంగా సముద్రం మీద ఉంటాయి. కళింగపట్నంలో అయితే లైట్‌హౌస్‌ని వెనక్కి ఉంచుకోండి, లేకపోతే ప్రతి ఫొటోలోనూ దాని వెలుగే.

ఏ రాత్రి వెళ్లాలో పంచాంగం చెబుతుంది, దీనికి యాప్ అక్కర్లేదు. బహుళ దశమి నుంచి శుద్ధ తదియ దాకా చీకటి మనది. ఆ రోజు నక్షత్రం చిత్త అని ఉంటే చంద్రుడు ఆకాశంలో చిత్త చుట్టుపక్కల ఉన్నాడని అర్థం, ఆ వైపు మసక వస్తువులేవీ వెతకనక్కర్లేదు. చుక్కల పేర్లు నేర్చుకోవడానికి మాత్రం స్టెల్లేరియం అనే ఆకాశ పటం యాప్ వాడతాను.

చీకటి ఎక్కడుందంటే, రోజురోజుకీ తక్కువవుతోంది. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు సొంత అబ్జర్వేటరీ పెట్టుకున్న ఊరు విశాఖ. ఇప్పుడు పూసపాటిరేగ, భోగాపురం తీరం నుంచి నైరుతిని మింగేసేది ఆ ఊరి వెలుగే. రణస్థలం దగ్గర పైడిభీమవరం పరిశ్రమల కాంతి, తీరం పొడుగునా రొయ్యల చెరువుల లైట్లు. విజయనగరం వాళ్లకి తాటిపూడి జలాశయం వైపు నయం. ఉద్దానంలో చీకటి బాగుంటుంది గానీ జీడితోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, తోటల్లోకి పోకుండా ఊరి బడి మేడ మీదో, తీరంలోనో నలుగురితో ఉండటం మంచిది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక అమావాస్య వెళ్లిన రెండు మూడు రోజులకే కరెంటు లేని ఆ పల్లెల్లో పాలపుంత ఎలా వెలిగిందో చూశాను. కొబ్బరి, జీడి కూలిపోయి ఏడుస్తున్న జనం మధ్య తల ఎత్తి చూడటానికే సిగ్గేసింది. అలాంటి చీకటి ఎవరికీ వద్దు. వీధి దీపాలకి పైన చిన్న మూత పెట్టి వెలుగు కిందికే పడేలా చేస్తే చాలు, ఆ ఖర్చెంత?

ఇక ఇన్నేళ్లలో బయటపడ్డ లోపాలు. అంచుల్లో చుక్కలు తోకలొచ్చినట్టు సాగుతాయి. నిండు చందమామ చుట్టూ సన్నని ఊదారంగు అంచు కనిపిస్తుంది. కుడి కంటి రింగు వదులై ఫోకస్ జారిపోతుంటే దానికి రబ్బరు బ్యాండ్ చుట్టాను. కంటి దగ్గరి రబ్బరు కప్పులు పగిలాయి. కళ్లజోడు పెట్టుకుని చూసేవాళ్లకి చూపు మొత్తం అందదు. దూరదృష్టి, హ్రస్వదృష్టి మాత్రమే ఉంటే జోడు తీసేసి ఫోకస్ తిప్పుకుంటే సరిపోతుంది, అస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోవడం) ఉన్నవాళ్లు కొనేముందు పెట్టి చూసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద శత్రువు తేమ. మూడో వానాకాలం తర్వాత కుడి గొట్టంలో సాలెగూడు దారాల్లా ఫంగస్ కనపడింది. ఒక రిపేరు షాపులో శుభ్రం చేయించాక బొమ్మ రెండుగా కనపడటం మొదలైంది. ప్రిజం కాస్త పక్కకి జరిగిందట, ఇంకో చోట మళ్లీ డబ్బులిచ్చి సరిచేయించాల్సి వచ్చింది. అప్పటి నుంచి గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పోసి అందులోనే ఉంచుతున్నాను. నీలం గుళికలు గులాబీ రంగుకి మారితే తేమ పీల్చేశాయని అర్థం. వంటకి వాడని మూకుడులో సన్నసెగన వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. బియ్యం డబ్బాలో పెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి, పిండి అద్దాల మీదికి చేరుతుంది. సముద్రం నుంచి రాగానే అద్దం తుడవకూడదు. ముందు రబ్బరు బల్బుతో ఇసుక ఊదేసి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ.

ఇప్పుడు కొత్తగా కొనాల్సి వస్తే ఇంకాస్త ఎక్కువ పెట్టి, నీరు చొరకుండా లోపల నైట్రోజన్ నింపిన 10×50 తీసుకుంటాను. మన ఊళ్లో అద్దం నాణ్యత కంటే ఆ బిగింపే ముఖ్యం. 15×70 మీద మనసు పోయేవాళ్లు మాత్రం ముందు ట్రైపాడ్‌కి డబ్బులు పక్కన పెట్టుకోండి. దాని బరువుకి చేత్తో పట్టుకుని పది నిమిషాలు కూడా చూడలేరు.