వికీపీడియా ఎడిట్ రిక్వెస్ట్: కంపెనీ ఉద్యోగిగా 8 నెలలు వాడాక నా రివ్యూ

నేనొక కంపెనీలో కమ్యూనికేషన్స్ పని చూస్తాను. మా కంపెనీ మీద ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక పేజీ ఉంది, అది మేం రాసుకున్నది కాదు, మాతో ఏ సంబంధమూ లేనివాళ్ళు ఎప్పుడో రాశారు. అందులో తప్పులు సరిచేయించడానికి 8 నెలల నుంచి అక్కడి ఎడిట్ రిక్వెస్ట్ పద్ధతి వాడుతున్నా. కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ ఉన్నవాళ్ళు, అంటే రాసే విషయంతో సొంత సంబంధం ఉన్నవాళ్ళు, దాన్ని అక్కడ అందరూ సిఓఐ అంటారు, పేజీ మీద తాము చెయ్యి వేయకుండా ఆ పేజీకి జోడుగా మాట్లాడుకోవడానికి ఉండే చర్చా పేజీలో అడిగితే సంబంధం లేని ఎడిటర్ ఎవరో ఒకరు చూసి సబబనిపిస్తే మార్చే పద్ధతి అది. దానికంటే ముందు డబ్బు కట్టి ఒక ఏజెన్సీని కూడా పెట్టుకున్నాం. రెండూ అనుభవించాను కాబట్టి రెండిటి గురించీ రాస్తున్నా. ఎడిట్ రిక్వెస్ట్‌కి 5కి 4 ఇస్తాను, ఏజెన్సీకి మాత్రం ఒక్క స్టార్ కూడా ఇవ్వలేను.

పేజీలో మా గొడవ ఏంటంటే, కంపెనీ మొదలైన సంవత్సరం తప్పు, రెండేళ్ళ కిందట వెళ్ళిపోయినాయన పేరు ఇంకా సీఈఓగా ఉంది, ఇవి కాక మేం ఒకప్పుడు ఉద్యోగుల్ని తీసేసిన సంగతి మీద ఒక పేరా ఉంది. మొదటి రెండూ నిజంగా తప్పులే. మూడోది నిజం, కాకపోతే మాకు ఇష్టం లేని నిజం. మా బాస్‌కి మూడూ ఒకటే. "మన పేజీయే కదా, మనం మార్చుకోకూడదా?" అన్నారు. ఎనిమిది నెలల్లో నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నకి జవాబే అనుకోండి, అది మన పేజీ కాదు, మన గురించిన పేజీ.

ఏజెన్సీ సంగతి ముందు చెప్పేస్తా. మా మార్కెటింగ్‌లో ఒకావిడ మా ఫౌండర్ మీద విడిగా ఒక డ్రాఫ్ట్ రాసి రివ్యూకి పెడితే తిప్పి పంపారు, మూలాలన్నీ మా సొంత ప్రెస్ రిలీజులూ ఇంటర్వ్యూలే, స్వతంత్రంగా రాసినవి లేవని కారణం చెప్పారు. అది సరైన కారణమే. అయితే వారం తిరక్కుండా మాకో మెయిల్ వచ్చింది, మీ డ్రాఫ్ట్ తిరస్కరించారట కదా, మాకు లోపల మనుషులున్నారు, గ్యారంటీగా పేజీ వేయిస్తాం, ఉన్న పేజీ కూడా శుభ్రం చేస్తాం అని. వీళ్ళకి ఎలా తెలిసింది అని అప్పుడు ఒక్కరం కూడా ఆలోచించలేదు, సగం డబ్బు ముందే కట్టేశాం.

రెండు వారాల్లో పేజీ గుర్తుపట్టలేనంత మారిపోయింది. ప్రతి రెండో వాక్యంలో అగ్రగామి, వినూత్న, విశ్వసనీయ లాంటి మాటలు, ఉద్యోగాల పేరా మాయం. మూడు వేర్వేరు ఖాతాలు మార్చాయి, మూడూ కొత్తవే, పైగా ఒకదాన్నొకటి మెచ్చుకుంటూ చర్చా పేజీలో రాసుకున్నాయి. ఆ ముచ్చట నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఒక పాత ఎడిటర్ వచ్చి అన్నీ వెనక్కి తిప్పేశాడు, ఆ ఖాతాలు మూడూ ఒకరివేనని తేల్చి బ్లాక్ చేశారు, పేజీ నెత్తిన ఒక హెచ్చరిక పట్టీ వేశారు, వెల్లడించకుండా డబ్బు తీసుకుని దీన్ని మార్చి ఉండవచ్చు అని. మా కంపెనీ పేరు కొట్టిన ప్రతివాళ్ళకీ మొట్టమొదట కనిపించేది అదే. మా కస్టమర్ ఒకాయన ఫోన్ చేసి అడిగారు కూడా, ఆ రోజు నాకు నిజంగా తల ఎత్తుకోలేనట్టు అనిపించింది. ఏజెన్సీని అడిగితే నెలనెలా మెయింటెనెన్స్ ప్లాన్ తీసుకోండి, పట్టీ మేం తీయిస్తాం అన్నారు. అప్పుడు తెగతెంపులు చేసుకున్నాం, కట్టిన డబ్బు మాత్రం రాలేదు.

తర్వాత కూర్చుని చదివితే ఇదేం కొత్త మోసం కాదని తెలిసింది. 2015 ఆగస్టు 31న వికీపీడియా వాళ్ళు 381 దొంగ ఖాతాలని ఒకేసారి బ్లాక్ చేసినట్టు ప్రకటించి, అవి రాసిన 210 వ్యాసాలు తీసేశారు. మొదట దొరికిన ఖాతా పేరు మీద ఆ కేసుని ఆరెంజ్‌మూడీ అంటారు. వాళ్ళు చేసింది అచ్చంగా మాకు జరిగిందే, తిరస్కరించిన డ్రాఫ్టులు వెతికి పట్టుకుని, ఆ కంపెనీలకీ మనుషులకీ కబురు పెట్టి డబ్బు తీసుకుని పేజీ వేయించడం, తర్వాత దాన్ని కాపాడతామని మళ్ళీ డబ్బు అడగడం. డ్రాఫ్టులూ వాటి మీద రివ్యూ చేసినవాళ్ళు రాసిన మాటలూ అందరికీ కనిపిస్తాయి, వాళ్ళకి లోపల మనుషులు అక్కర్లేదు. మీ డ్రాఫ్ట్ తిరిగొచ్చాక ఎవరైనా పిలవని పేరంటంలా మెయిల్ పెడితే దయచేసి జవాబు ఇవ్వకండి.

ఇక ఎడిట్ రిక్వెస్ట్. మొదట నా పేరుతో ఖాతా తెరిచాను. కంపెనీ పేరే ఖాతా పేరుగా పెట్టుకోనివ్వరు, ఒక ఖాతాని ఒక్క మనిషే వాడాలి. తర్వాత వాడుకరి పేజీలో, అంటే ఖాతా ఉన్నవాళ్ళు తమ గురించి చెప్పుకునే పేజీలో, నేను ఎవరి దగ్గర జీతం తీసుకుంటున్నానో, ఎవరి తరఫున రాస్తున్నానో, ఇంకేం సంబంధాలున్నాయో రాశాను. ఇది మర్యాద కోసం చేసేది కాదు, 2014 జూన్ 16 నుంచి వికీపీడియాని నడిపే వికీమీడియా ఫౌండేషన్ వాడుక నిబంధనల్లోనే ఉంది, డబ్బు తీసుకుని రాసేవాళ్ళు తమ ఎంప్లాయర్‌నీ క్లయింట్‌నీ అనుబంధాన్నీ వాడుకరి పేజీలోనో చర్చా పేజీలోనో మార్పుతో పాటు రాసే దిద్దుబాటు సారాంశంలోనో చెప్పి తీరాలి. దానికి ముందు ఏడాదే, 2013లో, వికీ-పీఆర్ అనే కంపెనీ వందల దొంగ ఖాతాలతో క్లయింట్ల పేజీలు నడుపుతోందని బయటపడి ఫౌండేషన్ లీగల్ నోటీసు దాకా వెళ్ళింది. ఉద్యోగిగా నాకొచ్చే జీతం కూడా ఈ లెక్కలోకే వస్తుందని నాకు ముందు తెలియదు, విడిగా ఎడిటింగ్‌కి డబ్బు ఇస్తేనే అనుకునేదాన్ని.

రాయడానికి చాలా భయపడ్డాను, ఇలా చెప్పేస్తే ఇక మనల్ని దొంగల్లా చూస్తారేమో అని. కానీ అక్కడి మార్గదర్శకమే చెబుతోంది, సిఓఐ ఉందంటే అది ఆ మనిషి నిజాయితీ మీద తీర్పు కాదు, ఆ మనిషి నిలబడ్డ చోటు గురించిన మాట అంతే. జీతమే కానక్కర్లేదు, చుట్టరికం, స్నేహం, పగ, సొంత జీవితచరిత్ర, అన్నీ వస్తాయి. వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్ కూడా తన మీదున్న పేజీని తనే మార్చుకున్నాడని 2005లో బయటికొచ్చి, అలా చేయకుండా ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. అంతటివాడికే తప్పలేదు, మన గురించి మనం రాసుకుంటే చెయ్యి ఎటు మొగ్గుతుందో మనకే తెలియదు.

వాళ్ళ దాకా వెళ్ళిన మొదటి రిక్వెస్ట్ తిరస్కరించారు, తప్పు నాదే. మొత్తం పరిచయం పేరా తిరగరాసి దాన్ని పెట్టండి అన్నాను. వచ్చిన జవాబు రెండు లైన్లు, ఏ వాక్యం తీసి ఏ వాక్యం పెట్టాలో, ఎందుకో, ఏ మూలం ఆధారంగానో ఒక్కొక్కటిగా చెప్పండి, ప్రచార భాష వద్దు. సరే అని సీఈఓ పేరు ఒక్కటే పెట్టాను, ఫలానా వాక్యంలో ఈ పేరు తీసి ఈ పేరు పెట్టండి, ఇదిగో పేపర్‌లో వచ్చిన వార్త, నేను ఈ కంపెనీ ఉద్యోగిని అని. మూడు వారాలకి అయిపోయింది. సంవత్సరం మార్చడానికి మాత్రం రెండున్నర నెలలు పట్టింది, మా వెబ్‌సైట్ ఒకటి చెబుతోంది, పాత వార్త ఒకటి ఇంకోటి చెబుతోంది, చివరికి రిజిస్ట్రేషన్ రికార్డు చూపిస్తే ఒప్పుకున్నారు. ఆలస్యానికే ఒక స్టార్ కోశాను. చూసేవాళ్ళంతా జీతం లేని వాలంటీర్లే అని తెలుసు, అయినా ఒక బతికున్న మనిషి పదవి తప్పుగా ఉన్న పేజీ వారాల తరబడి అలాగే ఉండటం బాధగానే ఉంటుంది. ఇంకో ఇబ్బంది, చర్చా పేజీలో మూస, అంటే టెంప్లేట్, ఎలా పెట్టాలో కొత్తవాళ్ళకి అర్థం కాదు, మొదటి రెండుసార్లు నా రిక్వెస్ట్ అసలు క్యూలోకే వెళ్ళలేదు, ఎడిట్ సిఓఐ అనే మూస లేకుండా మామూలుగా రాసి ఎదురుచూస్తూ కూర్చున్నా.

ఉద్యోగాల పేరా గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఈ పద్ధతి మీద నాకు నమ్మకం కలిగింది అక్కడే. బాస్ ఒత్తిడి మీద తీసేయమని అడిగాను. కుదరదన్నారు, స్వతంత్ర పత్రికలు రెండు రాశాయి, మీకు నచ్చకపోవడం కారణం కాదు అని మర్యాదగానే చెప్పారు. ఆ జవాబు చూశాక ఆ రెండు వార్తలూ నేను మళ్ళీ మొత్తం చదివాను, చదివితే పేజీలో ఉన్న సంఖ్య ఏ వార్తలోనూ లేదు, ఎవరో రెండు విడతల లెక్క కలిపేటప్పుడు ఒక విడతని రెండుసార్లు వేశారు. అదే పాయింట్ పెట్టాను, పేరా ఉండనివ్వండి, సంఖ్య మాత్రం మీ మూలంలో ఉన్నట్టే రాయండి అని. మర్నాడే మార్చారు, మార్చినాయన థాంక్స్ కూడా చెప్పాడు. మమ్మల్ని తప్పుపట్టే పేరాని మేమే ఇంకా సరిగ్గా రాయించినట్టయింది. బాస్‌కి చూపిస్తే చాలాసేపు ఏం మాట్లాడకుండా, "సరే, ఇది న్యాయంగా ఉంది" అన్నారు.

అన్నిటికీ అడగక్కర్లేదు కూడా. ఎవరో బూతులు రాసి పోతే, స్పెల్లింగ్ తప్పుంటే, బతికున్న మనిషి మీద ఆధారం లేని నింద ఉంటే సిఓఐ ఉన్నవాళ్ళు కూడా నేరుగా తీసేయొచ్చు, సారాంశంలో కారణం రాస్తే చాలు. ఫొటోలు ఇంకో మంచి దారి, మా ఆఫీసు ఫొటో ఒకటి ఎవరైనా వాడుకునే స్వేచ్ఛా లైసెన్స్ కింద కామన్స్‌లో, అంటే వికీపీడియా ఫొటోలు ఉండే సైట్‌లో, పెట్టాం, హక్కులున్నది మాకే కాబట్టి అనుమతి మెయిల్ పంపాం, తర్వాత చర్చా పేజీలో చెబితే ఒకరు పేజీలో పెట్టారు. లాగిన్ కాకుండా ఆఫీసు నెట్ నుంచి చాటుగా మార్చేద్దామని మాత్రం అనుకోకండి, 2007లోనే వికీస్కానర్ అనే టూల్ అజ్ఞాత మార్పుల ఐపీ అడ్రస్‌లని బట్టి ఏ సంస్థ నెట్‌వర్క్ నుంచి వచ్చాయో బయటపెట్టి పెద్దపెద్ద సంస్థల్నే ఇబ్బందిలో పెట్టింది, చరిత్ర ట్యాబ్‌లో ప్రతి మార్పూ ఉంటుంది.

ఒకటి నేను చేయబోయి ఆగిన పని. మా పోటీ కంపెనీ పేజీని వాళ్ళ ఉద్యోగే రాస్తున్నాడని నాకు దాదాపు రూఢిగా తెలుసు, ఆ మనిషి పేరుతో సహా చర్చా పేజీలో పెట్టేద్దామనుకున్నా. ఒక ఎడిటర్ వారించారు, ఎదుటివాళ్ళు తామే చెప్పుకోని పేరూ ఉద్యోగమూ బయటపెట్టడం అక్కడ పెద్ద తప్పు, దానికి నన్నే బ్లాక్ చేస్తారు. మార్పుల తీరు మీద అనుమానం ఉంటే సిఓఐ నోటీస్‌బోర్డులో ఆ మార్పులు చూపించి అడగొచ్చు, మనిషిని గుర్తుపట్టే ఆధారాలుంటే ప్రైవేటుగా మెయిల్ చేసే దారి ఉంది. ఈ నియమం నాకు బాగా నచ్చింది, నా పేరు నేను రాసుకున్నాను కానీ ఇంకొకరి పేరు రాయడం నా హక్కు కాదు కదా.

హెచ్చరిక పట్టీ ఐదో నెలలో తీశారు. ఏజెన్సీని పెట్టుకున్నది మేమేనని, ఎప్పుడు ఎంతవరకు చేయించామో చర్చా పేజీలో నేనే రాశాను, అది చూసి ఒకరు పేజీ మొత్తం లైను లైనుకీ సరిచూసి తీశారు. ఇప్పుడు ఇంకో రిక్వెస్ట్ క్యూలో ఉంది, మూతపడ్డ ఒక ఆఫీసు వివరం, పెట్టి 5 వారాలైంది. పొద్దున కూడా చూశాను, ఇంకా ఎవరూ తీసుకోలేదు.