పాత ఫోర్డ్ ఐకాన్ కారు ఉన్నవాళ్లు జాగ్రత్త: నా కాయిల్‌నే కొత్తదని ఇంకొకరికి అమ్మారు

ఇప్పుడే షాపు నుంచి వచ్చాను. చెయ్యి ఇంకా వణుకుతోంది, తప్పులుంటే సర్దుకుని చదవండి. కడపలో పాత ఫోర్డ్ బండ్లకు సామాను ఎక్కడ దొరుకుతుందో బండి ఉన్నవాళ్లందరికీ తెలుసు, కాబట్టి పేరు రాయను. అదే షాపు.

నాది 2004 ఐకాన్, పెట్రోలు. నాన్న కొన్న బండి. 15 ఏళ్లు దాటాక ఇంట్లో అందరూ తిడుతున్నా రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించి పెట్టుకున్నాను. మొన్న రాయచోటి పోతూ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే మిస్సింగ్ మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే బండి ముందుకు పోకుండా వణుకుతోంది. ఎట్లో కోవా అంగళ్ల దాకా ఈడ్చి, చల్లారాక వెనక్కి దిగి వచ్చాం. కోవా కూడా కొనలేదు, అంత టెన్షన్.

మా మెకానిక్ భాయ్ మీటరు పెడితే అంతా బాగానే చూపించింది. "ఇది చల్లగా ఉన్నప్పుడు దొరకదు సార్" అని, చీకటి పడ్డాక ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, షెడ్డులో లైట్లు ఆర్పేసి బానెట్ ఎత్తాడు. ప్లగ్గులకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ మీద సన్నని పగులు, దాని వెంబడి నీలం మెరుపులు పాకుతున్నాయి. 12 వోల్టులను పాతిక, ముప్పై వేల వోల్టులు చేసే సామాను కదా, పగులు దొరికితే ప్లగ్గుదాకా ఎందుకు పోతుంది? ఈ బండిలో నాలుగు సిలిండర్లకూ ఒకటే ప్యాక్, లోపల రెండు కాయిళ్లు. ఒకటి మొండికేస్తే రెండు సిలిండర్లు ఒక్కసారే పడుకుంటాయి. విప్పేటప్పుడు వైర్లు తారుమారు కాకుండా భాయ్ మేకుతో దాని మీద అంకెలు గీశాడు. ఆయన చదివింది ఉర్దూ మీడియం, అంకెలు కూడా ఉర్దూవే. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

షాపుకు పోయాను. "అన్నా, ఫోర్డ్ వాళ్లు 2021లో మన దేశంలో కార్లు చేసేది ఆపేస్తామని చెప్పినప్పటి నుంచీ ఈ సామాను యాడా దొరకడంల్యా. ఇది ఆఖరి పీసు, కంపెనీ మాల్, నువ్వు మనోడివని తీసిస్తాండా" అన్నాడు. 3,800. పాతది ఇచ్చేస్తే 200 తగ్గిస్తానన్నాడు. ఇచ్చేశాను, నాకంటే తెలివైనవాడు లేడనుకుంటూ. బిల్లు వేస్తే జీఎస్టీ పడుతుందంటే బిల్లూ వద్దన్నాను. డబ్బులు ఫోన్‌పే చేస్తే ఎవరో కుర్రాడి పేరు వచ్చింది, అదీ అడగలేదు.

ఐదు రోజులు. ఆరో రోజు ఎర్రముక్కపల్లె దాటకముందే మళ్లీ అదే వణుకుడు.

భాయ్ విప్పి పెట్రోలు గుడ్డతో తుడిచాడు. గుడ్డంతా నల్లరంగు. కింద ఎవరిదో పాత కాయిల్, పగుల్లో ఆరల్డైట్ కూరారు, ఇనుప రేకుల మధ్య తుప్పు. నాకు మాట రాలేదు. భాయ్ మాత్రం నవ్వాడు, ఆ నవ్వు ఇంకా మండుతోంది.

ఈరోజు పొద్దున అది పట్టుకుని పోతే షాపతను తల కూడా ఎత్తలేదు. "కరెంటు సామాను బిగిచ్చినాక ఎనక్కి తీసుకోం. బోర్డు కనపల్యా?" బోర్డు ఉంది, నిజమే. క్యాలెండర్ వెనకాల ఉంది. రంగు పోయిందని చూపిస్తే, "ఇరవై ఏండ్ల డొక్కుకు ఏది ఏసినా ఇట్లే ఉంటాది. తూకానికి అమ్ముకోపో, కోవా అన్నా వస్తాది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ కోవా సంగతి నేనే మొదటి రోజు మాటల్లో చెప్పాను, పెద్ద దోస్తులాగా.

అప్పుడు జరిగింది అసలు సంగతి. నా పక్కన మైదుకూరు నుంచి వచ్చిన ఒకాయన ఉన్నాడు, ఆయనదీ ఐకానే అట. కుర్రాడు లోపలి నుంచి డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. షాపతను మూత తీసి అదే పాట: ఆఖరి పీసు, కంపెనీ మాల్, మనోడివి. నిగనిగలాడే నల్లరంగు. ఆ రంగు కింద ఏదో గీత. వంగి చూశాను. ఉర్దూ నాలుగు! పక్కనే ఉర్దూ ఒకటి. అది నా కాయిల్. ఆరు రోజుల కింద 200కు నేను చేతికిచ్చిన కాయిల్, స్నానం చేసి కొత్త పెళ్లికొడుకులా డబ్బాలో కూర్చుంది.

"ఇది నాది!" అని అరిచాను. షాపతను టక్కున మూత పెట్టి, "యా కాయిలైనా అట్లే ఉంటాది ప్పా, పొద్దున్నే తాగొచ్చినావా?" అన్నాడు. మైదుకూరాయన నన్ను కిందికీ పైకీ చూశాడు. చూసి, 4,000 ఇచ్చి, డబ్బా సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. నేను వెంటపడి చెప్పాల్సింది. గొంతు పట్టేసి, గోడలా నిలబడ్డాను. 3,600 పోయినదాని కంటే అదే ఎక్కువ బాధగా ఉంది.

సరే, కొనేవాళ్లు చూసుకోండి. పాత సామాను ఎవరి చేతికీ ఇవ్వొద్దు, లేదా సుత్తితో పగలగొట్టి ఇవ్వండి. డబ్బా తెరవగానే పెట్రోలు గుడ్డతో ఒకసారి తుడవండి, కనెక్టర్ పిన్నుల మీద గీతలున్నాయేమో చూడండి. బిల్లు తీసుకోండి. మిస్సింగ్‌తోనే తిప్పితే కాలని పెట్రోలు సైలెన్సర్ వైపు పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా మాడిపోతుందని భాయ్ అంటున్నాడు, అందుకే నా బండి వేపచెట్టు కింద నిలబడి ఉంది. పాత బండ్ల సామాను అమ్మే చెన్నై పుదుపేటలో వెతకమని మా బావమరిదికి చెప్పాను. అక్కడ మోసపోయినా కనీసం పాతదని చెప్పే అమ్ముతారు.

మైదుకూరు అన్నా, ఇది నీ దాకా వస్తే: ఆ కాయిల్ ఇంకా బిగించకపోతే బిగించొద్దు. వైర్లు తగిలించే కొనల పక్కన తుడిచి చూడు, నాలుగు అంకెలు కనిపిస్తాయి. నేను తాగి రాలేదన్నా.