జేబు మైక్రోస్కోపు, దాని నెత్తిన దీపం: ఏడేళ్ళపాటు సంతకాలు చూసిన తరువాత

ఈ పరికరం బరువెంత, ధర ఎంత, ఎన్ని గుండీ బ్యాటరీలు పడతాయి అన్న సంగతులు డబ్బా మీదే అచ్చువేసి ఉంటాయి కనుక వాటి జోలికి పోను. గడియారాలు బాగుచేసేవారి దగ్గరా, నగల దుకాణాల్లోనూ కనిపించే అరవై రెట్ల జేబు మైక్రోస్కోపు ఇది. నేను దీన్ని ఏడేళ్ళుగా ఒకే పనికి, అంటే ప్రముఖుల సంతకాలు అసలువో నకిలీవో తేల్చుకోవడానికి, వాడుతున్నాను. చెప్పదలచుకున్నదంతా కటకం పక్కన బిగించిన చిన్న దీపం గురించే. మొదటి మూడేళ్ళు ఆ దీపాన్ని చూసి మురిసిపోయాను. తరువాతి నాలుగేళ్ళూ దాన్ని తిట్టుకుంటూనే ఉన్నాను.

ముందు నా సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే నా తప్పులో సగం అక్కడే ఉంది. బ్యాంకు కౌంటరులో కూర్చుని చెక్కు మీది సంతకాన్ని నమూనా కార్డు మీది సంతకంతో సరిపోల్చడంలో ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి కనుక, సంతకం విషయంలో నా కన్ను మోసపోదన్న ధీమా నాకు గట్టిగా ఉండేది. పైగా ఉండేది విజయనగరంలో. 1919లో మొదలైన సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసు, ఆయన తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడు అధ్యక్షులుగా ఉన్నారు, ఘంటసాల, పి.సుశీల అక్కడే చదువుకున్నారు; 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన విజ్జీ ఇక్కడి రాజకుటుంబీకుడే. ఇన్ని పేర్లున్న ఊళ్ళో పాత ట్రంకుపెట్టెల్లో సంతకాల పుస్తకాలు దొరకడం ఎంత సహజమో, దొరకని చోట వాటిని తయారుచేసేవారు పుట్టడమూ అంతే సహజం. పాత కాగితాలు అమ్మే ఒకాయన, సరుకు చూపిస్తాను రమ్మని నన్ను కోట పక్కనున్న బొంకుల దిబ్బకు పిలిచినప్పుడు, ఆ చోటి పేరు తలచుకుని దారిపొడవునా నవ్వుకున్న మాట నిజం.

కొన్న కొత్తలో ఈ మైక్రోస్కోపు నాకు చేసిన మేలు తక్కువది కాదు. సినిమా తారకు ఉత్తరం రాస్తే తిరుగు టపాలో సంతకం ఉన్న ఫోటో వచ్చే రోజుల్లో మా తరం వాళ్ళం దాచుకున్న ఫోటోల్లో చాలావాటి మీద ఉన్నది అచ్చు సంతకమేనని మామూలు భూతద్దంలో తేలదు. ఈ పరికరాన్ని కాగితం మీద ఆనించి దీపం వేస్తే, నల్లటి గీత అనుకున్నది విడివిడి చుక్కలుగా చెదిరిపోతుంది. చేత్తో పెట్టిన సంతకమైతే సిరా కాగితపు పీచులోకి దిగి కనిపిస్తుంది. బాల్‌పెన్ను గీతలో సన్నటి తెల్లచారలూ, వంపు తిరిగిన వెంటనే చిన్న సిరా ముద్దలూ ఉంటాయి. ఆ ముద్దలను బట్టి పెన్ను ఏ దిక్కుగా నడిచిందో చెప్పవచ్చు. ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో నా దగ్గరున్న పదకొండు ఫోటోల్లో తొమ్మిది అచ్చువని తేలిపోయినప్పుడు నాకు బాధ కలగకపోగా, ఇంత చవకగా ఇంత తెలివి దొరికిందా అని సంతోషం కలిగింది.

ఆ తొమ్మిదింటి మాట నిజమే కానీ, చుక్కలు లేవు కాబట్టి మిగిలిన రెండూ అసలువని అప్పట్లో నేను నమ్మడం మాత్రం తొందరపాటు. నెగెటివ్ మీదనో, మూల ఫోటో మీదనో ఒక్కసారి సంతకం పెట్టించి, దాన్నుంచి వందల ప్రతులు కడిగిన ఫోటోల్లో చుక్కలు ఉండవు. సంతకం బొమ్మలో భాగంగానే, బొమ్మంత నునుపుగా ఉంటుంది. ఆ రెంటిలో ఒకటి అలాంటిదేనని మూడేళ్ళ తరువాత గానీ నాకు తెలియలేదు.

ఈ పరికరానికి నోట్లు పరీక్షించే ఊదారంగు దీపం కూడా ఒకటి ఉంది. బొంకుల దిబ్బ దగ్గర కలిసిన ఆయన చూపిన సరుకు, 1936 జట్టులోని వారందరి సంతకాలూ ఉన్నాయన్న ఒక కాగితం. విజ్జీ, సి.కె.నాయుడు పేర్లు పైనే ఉన్నాయి. సిరా పాతగా ఉంది, అంచులు పసుపెక్కాయి, మడతలు చిరిగాయి. చీకటి మూలకు తీసుకుపోయి ఊదారంగు దీపం వేస్తే కాగితం నీలితెలుపు కాంతితో, ఉతికిన చొక్కాలా మెరిసింది. కాగితాన్ని ఇంకా తెల్లగా చూపడానికి 1950ల నుంచి కలుపుతున్న రసాయనాల మెరుపు అది. 1936 నాటి కాగితానికి ఆ మెరుపు పుట్టుకతో రాదు. ఆయన మారుమాట లేకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నాకు కలిగిన గర్వాన్ని ఇప్పుడు కాస్త తగ్గించుకోవలసి ఉంది. కొత్త అట్టల మధ్య ఏళ్ళ తరబడి నొక్కి ఉంచిన పాత కాగితానికి కూడా ఆ రసాయనం కొంత అంటుకోవచ్చు. మెరవలేదు కదా అని పాతదని చెప్పడానికీ వీల్లేదు, ఎందుకంటే పాత లెక్కల పుస్తకంలోని ఖాళీ కాగితం చింపి రాస్తే ఏ దీపమూ పట్టుకోలేదు.

ఇక అసలు కథ. నాలుగేళ్ళ కిందట బొబ్బిలి నుంచి ఒక పెద్దావిడ ఒక సంతకాల పుస్తకం తెచ్చి నాకు ఇచ్చి వెళ్ళారు. వాళ్ళ నాన్నగారు 1940లలో ఇక్కడి కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నారట. అందులో ఒక పేజీలో తెలుగులో ద్వారం వెంకటస్వామి నాయుడి సంతకం ఉంది. ఆవిడకు అమ్మే ఉద్దేశం లేదు. మనవరాలికి ఇచ్చేముందు అది నిజంగా ఆయనదేనని ఎవరైనా రాసిస్తే బాగుంటుందని మాత్రమే కోరిక.

ఆ రాత్రే మైక్రోస్కోపు ఆనించి దీపం వేశాను. నకిలీ సంతకానికి చెప్పే లక్షణాలన్నీ వరసగా కనిపించాయి. వేగంగా పెట్టిన సంతకంలో గీత మొదలూ చివరా కలం గాల్లోంచి దిగి గాల్లోకి లేచినట్టు సన్నబడతాయి. ఇక్కడ రెండు కొసలూ మొద్దుగా ఉన్నాయి. గీత పొడవునా వణుకు ఉంది. సంతకం అలవాటైన చేయి తలకట్టునూ గుడినీ అక్షరంతో కలిపి లాగేస్తుంది, లేదా అసలు ఎగరగొడుతుంది. చూసి దించేవాడు ఒక్కొక్కదాన్ని కలం ఎత్తి విడిగా పెడతాడు. ఇక్కడ అన్నీ విడివిడిగానే ఉన్నాయి. అన్నిటికీ మించి, ‘క’ వంపులోనూ ‘ట’ అడుగునా సిరా రెండింతలు చిక్కగా ఉంది. గీత సరిగా రాలేదని మళ్ళీ దిద్దిన చోట్లు అవేనని నిశ్చయించుకున్నాను. మర్నాడు ఫోన్ చేసి, అది ఎవరో చూసి దించినదేనని చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. “మా నాన్నగారు ఎదురుగా నిలబడి పెట్టించుకున్నానని చెప్పేవారు బాబూ” అని మాత్రం అని, వీలు చూసుకుని వచ్చి పుస్తకం తీసుకుపోతానన్నారు.

ఆవిడ రావడానికి పది రోజులు పట్టింది. ఆ లోపల ఒక వానరోజు సాయంత్రం కరెంటు పోయింది. పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఉంచుదామని బల్ల మీద తెరిచి, ఫోన్‌లోని టార్చి వెలిగించి పక్కనే పడుకోబెట్టాను. వెలుతురు కాగితం మీద బల్లపరుపుగా, పక్కవాటుగా పడింది. ఆ పేజీలో అంతవరకు నాకు కనబడనివి కనిపించాయి. సిరా గీతల వెంట కాగితం గాళ్ళు పడినట్టు ఉంది. ప్రతి గాడికీ ఒక పక్క నీడ ఉంది. మైక్రోస్కోపు తీసి, దాని దీపం ఆర్పేసి, ఫోన్ వెలుతురులోనే చూశాను. పాళీ కలంతో రాసేటప్పుడు ఒత్తిడికి పాళీ రెండు మొనలూ విడిపోయి కాగితం మీద పట్టాల్లాగా జంట గాళ్ళు వేస్తాయి. దిద్దిన చోట ఒక జంట మీద ఇంకొక జంట పడాలి. నేను దిద్దుడు అని తీర్మానించిన రెండు చోట్లా ఒకే ఒక్క జంట ఉంది. అక్కడ కలం ఆగింది, సిరా గుంట కట్టింది, అంతే. చేయి వెనక్కి వచ్చి ఏదీ సవరించలేదు.

మైక్రోస్కోపులో ఉన్న దీపం నిట్టనిలువుగా నెత్తిన వెలుగుతుంది. ఆ వెలుతురులో నీడ పడదు. నీడ లేనిచోట గాడి కనబడదు. గాడి కనబడకపోతే ఒక చోట సిరా చిక్కగా ఉండడానికి కలం ఆగడం కారణమో, రెండోసారి దిద్దడం కారణమో చెప్పడానికి దారి లేదు. రాత పరీక్షలో అత్యవసరమైన దాన్ని చెరిపేసే దీపాన్ని బిగించి, ఆ దీపమే గొప్ప సదుపాయమని డబ్బా మీద రాసినవారి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. దాన్ని పక్కకు వంచడానికి ఒక మడత బందు పెట్టి ఉంటే ఎంత ఖర్చయ్యేది?

దిద్దుడు లేదని తేలాక మిగతా లక్షణాలు కూడా వేరే అర్థం చెప్పసాగాయి. ‘ద్వా’లోని వ ఒత్తు తన అక్షరానికి దూరంగా, పక్కకు జరిగి పడింది. చివరి ‘మి’ గుడి అక్షరం మీద కాక పక్కన వాలింది. పంక్తి మొత్తం మెల్లగా పైకెక్కి పేజీ అంచున అచ్చువేసిన పూలతీగను దాటింది. చూసి దించేవాడు ఇలాంటి పొరపాటు చేస్తే ఊరుకోడు, సవరిస్తాడు. వాడి భయమంతా పోలిక తప్పుతుందనే. ఇక్కడ ఒత్తు ఎక్కడ పడిందో పట్టించుకోని, లేదా కనబడని, మనిషి చేయి ఉంది. ద్వారంవారికి చిన్నతనం నుంచే చూపు మందం. చదువు మధ్యలో ఆగిపోవడానికి అదే కారణమని ఈ ఊళ్ళో సంగీతం తెలిసినవాళ్ళందరికీ తెలుసు, నాకూ తెలుసు. కటకం మీద కన్ను పెట్టిన ఆ పావుగంటలో మాత్రం అది నాకు గుర్తు రాలేదు.

అయినా నా మీద నాకే నమ్మకం కలగక ఒక పని చేశాను. మా నాన్నగారు పెన్షన్ కోసం ఏటా నవంబరులో ఇచ్చే జీవన ధ్రువపత్రాల ప్రతులు ఇంట్లో ఉన్నాయి. కంట్లో శుక్లం ముదిరి, ఆపరేషన్ ఇంకా కాని మూడేళ్ళ సంతకాలు అందులో దొరికాయి. అవి నా కళ్ళముందు పెట్టినవి కనుక అసలువన్న విషయంలో సందేహం లేదు. దీపం వేసి చూశాను. వణుకు, మొద్దు కొసలు, కలం ఎత్తిన చోట్లు అన్నీ ఉన్నాయి. పేరు తెలియకుండా ఎవరైనా ఇచ్చి ఉంటే మూడింటినీ నకిలీ అనేవాణ్ణి. దీపం ఆర్పి టార్చి పక్కన పెట్టి చూస్తే, ఒక్క దిద్దుడూ లేదు. కౌంటరులో ఉన్న రోజుల్లో సంతకం కలవడం లేదని నేను తిప్పిపంపిన ముసలివారి చెక్కులు ఆ రాత్రి గుర్తుకు వచ్చాయి. వాటి సంగతి ఇక్కడ రాయను.

ఆవిడ వచ్చినప్పుడు నేను తొందరపడ్డానని చెప్పి, చూసినవన్నీ చూపించాను. “అయితే ఆయనదేనా?” అని అడిగారు. ఆ మాట అనలేకపోయాను. అనాలంటే అదే కాలంలో ఆయన పెట్టిన నిర్వివాదమైన సంతకాలు కనీసం నాలుగైదు, అచ్చు ప్రతులు కాక అసలు కాగితాలు, పక్కన ఉండాలి; నా దగ్గర ఒక్కటీ లేదు. నకిలీ అనడానికి ఆధారం లేదని, దిద్దుడు గుర్తులు లేవని, కాగితమూ సిరా ఆ కాలానికి విరుద్ధంగా కనబడలేదని మాత్రం చెప్పాను. “అదే రాసివ్వండి” అన్నారు. రాసిచ్చాను.

అరవై రెట్ల విషయంలో కూడా నా మొదటి ఉత్సాహం తగ్గింది. నాసి కాగితం మీద సిరా పీచు వెంట పాకుతుంది. అరవై రెట్లలో ఆ పాకుడు వణుకులాగే కనబడుతుంది. గీత తీరు చూడడానికి పది రెట్ల భూతద్దమే మేలు; ఈ మైక్రోస్కోపు అచ్చు చుక్కలకూ, రెండు గీతలు కలిసే చోట్లకూ సరిపోతుంది. యంత్రంతో పెట్టే సంతకాల దగ్గర ఇది బొత్తిగా చేతులెత్తేస్తుంది, ఎందుకంటే యంత్రం పట్టుకునేదీ నిజమైన కలమే. 2022లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ చేతిసంతకమని ఒక్కొక్కటి 599 డాలర్లకు అమ్మిన పుస్తకాల మోసాన్ని పట్టించింది మైక్రోస్కోపు కాదు. కొన్నవారు తమ ప్రతుల ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటే సంతకాలు ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి. చివరకు ఆయనే క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఒకే మనిషి సంతకం రెండుసార్లు అచ్చుగుద్దినట్టు రాదన్న సంగతి మాకు కౌంటరులో మొదటి వారంలోనే నేర్పారు.

కొనవచ్చా అంటే, మీ దగ్గరున్నవి ఎక్కువగా సినిమా ఫోటోలైతే కొనవచ్చు, పెట్టిన డబ్బు మొదటి వారంలోనే తిరిగి వస్తుంది. నాలాగా పాళీ కలం నాటి తెలుగు సంతకాలు చూసేవారైతే ముందు ఒక మంచి టార్చి కొనుక్కుని, మిగిలిన డబ్బుతో దీన్ని కొనమంటాను. అమ్మకానికి గానీ కోర్టుకు గానీ పనికివచ్చే అభిప్రాయం కావాలంటే దస్తావేజులు పరీక్షించే నిపుణుల దగ్గరకు వెళ్ళాలి. నేను నిపుణుణ్ణి కాను, నా కంటికి కూడా ఈ మధ్యే అద్దాలు మారాయి. పరికరం మటుకు ఏడేళ్ళయినా చెక్కుచెదరలేదు, దృష్టి సరిచేసే చక్రం కొద్దిగా వదులైంది. నిరుడు బ్యాటరీలు అయిపోయాయి. కొత్తవి వేయలేదు.