రిలే వాల్యూమ్ కంట్రోల్: నాలుగేళ్ల వాడకం తర్వాత ఏ స్విచ్ నిలబడింది

ఏడు దశల స్టీరియో అటెన్యుయేటర్ (వాల్యూమ్ కోసం సిగ్నల్‌ను తగ్గించే సర్క్యూట్) ఇది: 0.5, 1, 2, 4, 8, 16, 32 డెసిబెల్. అన్నీ కలిస్తే 63.5. దశకొక రెండు పోళ్ల రిలే, అంటే కాయిల్‌కు కరెంటిస్తే ఒకేసారి మారే రెండు స్విచ్‌లు; పోల్‌కొక చానల్. చివర 10 కిలో ఓమ్ రెసిస్టర్, ఆ వెనక బఫర్ (సిగ్నల్‌ను కుంగనివ్వకుండా ముందుకు పంపే దశ).

నాలుగేళ్లుగా రోజూ పనిచేస్తున్నవి పానసోనిక్ టీక్యూ2 రిలేలు. బంగారు పూత కాంటాక్టులు, సీల్ చేసిన ఒళ్లు. ఒక్క చానల్ కూడా గరగరమనలేదు. కోఠి గుజరాతీ గల్లీలో చవగ్గా దొరికే 10 ఆంపియర్ల నీలి రిలేలు దీనికి పనికిరావు. వాటి వెండి కాంటాక్టు మీద పట్టే పొరను మిల్లీవోల్ట్ సిగ్నల్ ఛేదించలేదు. కొన్ని నెలలకే ఒక చానల్ సన్నబడుతుంది, నాబ్ తిప్పితే మళ్లీ వస్తుంది.

4066 అనే ఎలక్ట్రానిక్ స్విచ్ చిప్ రిలేకు బదులు కాదు. 15 వోల్టుల సప్లైలో కూడా దాని ఆన్ నిరోధం 125 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, పైగా సిగ్నల్‌తో పాటు మారుతుంది. డిస్టార్షన్ అక్కడే పుడుతుంది. చిప్పే కావాలంటే ఇన్వర్టింగ్ ఆప్-ఆంప్ (సిగ్నల్‌ను తలకిందులు చేసే ఆంప్లిఫయర్ చిప్) వర్చువల్ గ్రౌండ్ పిన్ దగ్గర పెట్టండి. అక్కడ స్విచ్ మీద వోల్టేజీ దాదాపు సున్నా.

వైరింగ్‌లోనే అసలు కిటుకు ఉంది. కామన్ పిన్ అవుట్‌పుట్‌కు, కాయిల్ ఆఫ్‌లో మూసుకునే పిన్ గ్రౌండ్ రెసిస్టర్‌కు, ఆన్‌లో మూసుకునేది ఇన్‌పుట్‌కు. 8 డెసిబెల్ దశలో సిరీస్ 6.04 కిలో ఓమ్, గ్రౌండ్‌కు 6.65. ఇలా చేస్తే కరెంటు పోయినప్పుడు వాల్యూమ్ అడుగుకు పడిపోతుంది, స్పీకర్లు బతుకుతాయి. కరెంటు పోయినా ఉన్న స్థితిలోనే ఆగిపోయే లాచింగ్ రిలేలో ఈ రక్షణ ఉండదు.

31.5 నుంచి 32కు మారేటప్పుడు ఆరు రిలేలు ఒక్కసారిగా బైపాస్‌కు, అంటే తగ్గింపు లేని స్థితికి, వెళ్తాయి. 32 దశ కాంటాక్టు ఇంకా ఏ పిన్‌నూ తాకక గాల్లో ఉంటే, తగ్గింపు క్షణకాలం 6 డెసిబెల్ మాత్రమే. చెవి పగిలే టప్‌మనే శబ్దం అదే. ముందు 32 కాయిల్ వదిలేయండి, 10 మిల్లీసెకన్లు ఆగండి, తర్వాతే మిగతావి ఆన్ చేయండి. కాయిల్ ఆపినప్పుడు ఎగిసే వోల్టేజీని అణచే ఫ్లైబ్యాక్ డయోడ్ వల్ల రిలే వదలడం ఆలస్యమవుతుంది కాబట్టే అంత వ్యవధి.

కాయిళ్లను నడిపే డ్రైవర్ చిప్‌గా యూఎల్‌ఎన్2003 సరిగ్గా ఏడు చానళ్లు ఇస్తుంది, డయోడ్లు లోపలే ఉంటాయి. కానీ వోల్ట్‌కు కాస్త తక్కువ తినేస్తుంది. 5 వోల్ట్ కాయిల్‌కు 3.75 తప్పనిసరి, సప్లై కొంచెం కుంగినా, కాయిల్ వేడెక్కినా రిలే మొరాయిస్తుంది. 12 వోల్ట్ రకం తీసుకోండి. ఒక్కోటి 12 మిల్లీఆంపియర్లే, ఏడూ కలిపి 84.

మిగిలిన లోపం ఒకటే: రాత్రి నిశ్శబ్దంలో రిలేల టిక్ టిక్ వినిపిస్తుంది. బోర్డు కింద రబ్బరు వాషర్లు వేస్తే సగం తగ్గుతుంది.