ఉదయగిరిలో దుర్గానికి ఒక పూట, చెక్క గరిటెలకు ఒక పూట

నెల్లూరు నుంచి సంగం, ఆత్మకూరు మీదుగా ఉదయగిరి వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆర్టీసీ బస్సులో ప్రయాణం హాయిగానే సాగింది. బస దగ్గరే ఇబ్బంది. మేం దిగిన లాడ్జిలో దుప్పట్లు మాసిపోయి ఉన్నాయి, రాత్రి కుళాయిలో నీళ్లు రాలేదు. చిన్నపిల్లలతో వచ్చేవాళ్లు నెల్లూరులోనే గది తీసుకుని చీకటితోనే బయల్దేరడం మేలు.

ఎండెక్కకముందే దుర్గం దారి పట్టాలి. కొండ ఎత్తు 3,079 అడుగులు. కొన్నిచోట్ల దాదాపు వెయ్యి అడుగుల మేర నిట్టనిలువు బండ. అప్పట్లో కొండమీద 8, కింద 5, మొత్తం 13 కోటలుండేవి. ఒడిశా రాజులైన గజపతుల ఏలుబడిలోని ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడిస్తే 1514లో గానీ లొంగలేదు. సైన్యం నడవడానికి బండలు కొట్టించి దారులు వేయించాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆ రాళ్లమీద ఆయాసపడుతూ ఎక్కేవాళ్లకు ఆ మాట ఇట్టే నమ్మకం కుదురుతుంది. పైన మాకు ఒక్క అంగడీ కనబడలేదు, నీళ్లు మోసుకెళ్లాల్సిందే. దారి ఎరిగిన ఊరి మనిషిని తోడు తీసుకోండి, ఆయన అడిగిన కూలికి బేరమాడొద్దు.

ఇక్కడి బాలకృష్ణుణ్ణి రాయలు హంపికి తీసుకెళ్లి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఊరివాళ్ల చేతుల్లో మిగిలింది మాత్రం చెక్కపని. విజయనగరానికి వరాహం రాజముద్ర అయితే, ఇవాళ ఉదయగిరి పేరు మోస్తున్న ముద్ర చెక్క గరిటె. దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది.

మధ్యాహ్నం ఆ పని చేసే ఒక ఇంటికి వెళ్లాం. వసారాలో కూర్చున్న ఆమె నర్ది చెక్క ముక్కను పాదాల మధ్య బిగించి, గరిటె గుంటను ఉలితో కొంచెం కొంచెంగా తొలుస్తోంది. ఒక్కో పొర లేవగానే బొటనవేలితో లోపల తడిమి చూసుకుంటోంది. ఆ తర్వాత ఆకురాయి, చివరికి ఉప్పుకాగితం. కాడ కొసన ఆకు నగిషీ చెక్కేటప్పుడైతే ఊపిరి బిగబట్టి చూశాను. తల్లి దగ్గర నేర్చుకున్న పని అట. చెక్క దొరకడమే కష్టమవుతోందని, గంటల తరబడి వంగి కూర్చుంటే నడుం పట్టేస్తోందని చెప్పింది.

నాకైతే దుర్గం కంటే ఈ వసారానే ఎక్కువ నచ్చింది. కోటగోడలు ఏ దిక్కూ లేకుండా కూలిపోతుంటే, ఈ ఇళ్లు ఒక విద్యను నిలబెడుతున్నాయి. అందుకే కొనేది నేరుగా వాళ్ల దగ్గరే కొనండి. ప్రభుత్వ లేపాక్షి హస్తకళల దుకాణాల్లోనూ దొరుకుతాయి గానీ, ఇక్కడైతే డబ్బు చేసిన మనిషి చేతిలోనే పడుతుంది. పాయసానికి, పెరుగన్నానికి లోతు గరిటెలు అడగండి. వాడాక నీళ్లలో నానబెట్టకుండా వెంటనే కడిగి నీడన ఆరబెట్టుకుంటే చాలు.