డిస్టెంట్ రిలేటివ్స్: పదమూడేళ్ళుగా వింటున్న ఆల్బం

రాపర్ నాస్, జమైకా గాయకుడు డేమియన్ మార్లీ కలిసి చేసిన ఈ ఆల్బం కొన్న ఏడాదే సమీక్ష రాసి ఉంటే సగం ఆల్బం గురించే రాసి ఉండేదాన్ని. మిగతా సగం అప్పట్లో నా చెవికి ఎక్కలేదు. నాస్ చెప్పేది మాట మాటా అర్థమయ్యేది. డేమియన్ మార్లీ గొంతు రాగానే మాత్రం అది నాకు మాట కాదు, ఇంకో వాయిద్యం. బాగుండేది, తల ఊగేది, అంతవరకే. ఆ సగం మెల్లగా తెరుచుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పటికీ నెలకు రెండు మూడుసార్లు మొదటినుంచి చివరిదాకా వింటాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 'డిస్టెంట్ రిలేటివ్స్' 2010 మే నెలలో వచ్చింది. పదమూడు పాటలు, గంట దాటిన నిడివి. నాస్ న్యూయార్క్‌లో క్వీన్స్‌బ్రిడ్జ్ అనే ప్రభుత్వ గృహ సముదాయంలో పెరిగిన రాపర్. 1994లో వచ్చిన 'ఇల్‌మాటిక్' ఒక్కటి చాలు, ర్యాప్ చరిత్రలో ఆయన పేరు నిలవడానికి. డేమియన్, జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లీకి చిన్న కొడుకు. తండ్రి పోయేనాటికి మూడేళ్ళు కూడా నిండని పసివాడు. 2005లో డేమియన్ ఆల్బం 'వెల్‌కమ్ టు జామ్‌రాక్'లో 'రోడ్ టు జాయన్' అనే పాటకు నాస్ గొంతు కలిపాడు. ఆ పాట దగ్గర మొదలైన స్నేహమే ఐదేళ్ళకు ఆల్బం అయింది. సంగీతం చాలావరకు డేమియన్, అతని అన్న స్టీఫెన్ మార్లీ చేశారు. మనుషులందరి మూలం ఆఫ్రికాయే కాబట్టి అందరం దూరపు చుట్టాలమే అన్నది పేరు వెనకున్న ఆలోచన.

2012లో నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేదాన్ని. ఉద్యోగం మాన్‌హాటన్‌లో. పొద్దున రైలెక్కితే పెన్ స్టేషన్‌కు గంటకు కాస్త తక్కువ, ఆల్బమేమో గంటకు కాస్త ఎక్కువ. సీట్లో కూర్చోగానే 'యాజ్ వి ఎంటర్' పెట్టుకుంటే, పదకొండో పాట 'పేషెన్స్' మొదలయ్యేసరికి బండి హడ్సన్ నది కింద సొరంగంలోకి దిగేది. కిటికీ అవతల చీకటి, చెవిలో మాలి దేశపు గాయని మరియం గొంతు. ఆ రెండూ నాలో ఎంత కలిసిపోయాయంటే, ఈనాటికీ ఆ పాట మొదలైతే నాకు సొరంగపు గోడల దీపాలు కనిపిస్తాయి. ఆ తర్వాత దిగడం, మెట్లు, జనం. చివరి రెండు పాటలు దాదాపు ఏడాదిపాటు నాకు తెలియనే తెలియవు.

మా ఆఫీసు భవనం లాబీలో సెక్యూరిటీ డ్యూటీలో ఒక పెద్దాయన ఉండేవారు, జమైకా రాజధాని కింగ్‌స్టన్‌వారు. ఒకరోజు నేను ఇయర్‌ఫోన్స్ తీస్తుంటే బయటికి వినపడ్డ గొంతు గుర్తుపట్టి "జూనియర్ గాంగ్ కదూ?" అన్నారు. డేమియన్‌ను జమైకావాళ్ళు పిలుచుకునే పేరది. తండ్రి 'టఫ్ గాంగ్', కొడుకు 'జూనియర్ గాంగ్'. నాకు అతని మాటలు సగం కూడా అర్థం కావని చెబితే ఆయన నవ్వలేదు. "అది పాడైపోయిన ఇంగ్లీషు అనుకుంటే నీకు ఎప్పటికీ అర్థం కాదు. దానికి దాని వ్యాకరణం ఉంది, అది పట్టుకో" అన్నారు. ఆ రోజునుంచి పొద్దున రెండు నిమిషాలు, సాయంత్రం రెండు నిమిషాలు నాకు పాత్వా, అంటే జమైకావాళ్ళ వాడుక భాష, పాఠం.

మొదట నేర్చుకున్నది 'డెమ్'. నామవాచకం వెనక చేరితే బహువచనం. 'ఫ్రెండ్ డెమ్' అంటే స్నేహితులు. మన 'లు' చేసే పనే! ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు కలగని ఆత్మీయత నాకు ఆ ఒక్క ముక్కతో కలిగింది. 'ఇన్నా' అంటే లోపల. 'ఫి' ఒక క్రియను ఇంకో క్రియకు కలుపుతుంది. ఇంకో సంగతి, జమైకాలో 'డీజే' అంటే రికార్డు వేసేవాడు కాదు, రికార్డు మీద లయగా మాటలు అల్లేవాడు. రికార్డు వేసేవాణ్ణి 'సెలెక్టర్' అంటారు. ఆ తేడా తెలిశాక డేమియన్ ఏ వృత్తి చేస్తున్నాడో నాకు తెలిసింది. అతను రెగే గాయకుడై ర్యాప్ ప్రయత్నించడంలేదు. ర్యాప్ అన్న మాటకంటే ముందే తన దీవిలో ఉన్న పనిని తను చేస్తున్నాడు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. డాన్స్‌హాల్, అంటే జమైకావాళ్ళు డాన్సు చేసే సంగీతం, ఆ ఆల్బం అనుకుని కొంటే మొదట్లో నిరాశ తప్పదు. డాన్స్‌హాల్‌లో ఎక్కువగా వినపడే దరువును మన జతుల్లో చెప్పాలంటే "తకిట తకిట తక", మూడు, మూడు, రెండు. ఒంటిని కూర్చోనివ్వని దరువు. ఈ ఆల్బంలో డ్రమ్ము అలా కొట్టేది తక్కువ. చాలాచోట్ల మొదటి దెబ్బ ఖాళీ వదిలి మూడో దెబ్బ మీద బరువు వేసే రెగే నడకో, సూటిగా నడిచే హిప్ హాప్ బీటో, అంటే ర్యాప్ వెనక వినపడే దరువో, ఉంటుంది. పెద్దాయన అభ్యంతరమూ అదే. "ఇది డాన్సుకు కాదు, కూర్చుని వినేవాళ్ళకు" అనేవారు. ఆయనతో ఈ ఒక్క విషయంలో నేను ఏకీభవించలేదు. ఇందులో డాన్స్‌హాల్ డ్రమ్ములో లేదు, డేమియన్ నోట్లో ఉంది. నాస్ మాటలు బీటుకు వెంట్రుకవాసి వెనక, తాపీగా పడతాయి, కథ చెబుతున్నట్టు. డేమియన్ మాటలు సరిగ్గా బీటు నెత్తిన పడతాయి. ఒకే అంత్యప్రాసను పట్టుకుని ఎనిమిది పది పాదాలు లాగుతాడు, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో తెలియదు. ఒకే తాళం మీద ఈ ఇద్దరూ పక్కపక్కన నడవడమే ఈ ఆల్బం రుచి.

దాన్ని వినడానికి 'యాజ్ వి ఎంటర్'ను మించింది లేదు. మూడు నిమిషాల పాట. పల్లవి అంటూ ఉండదు, ఒకరి నోట్లో మాట ఇంకొకరు అందుకోవడమే. అవధానంలో పృచ్ఛకుడు సమస్య విసిరితే అవధాని తడుముకోకుండా పూరించినట్టు ఉంటుంది. మధ్యలో ఇద్దరూ తూర్పు ఆఫ్రికా భాష స్వాహిలీలో "హబరి గని?" "న్జూరి సన" అని పలకరించుకుంటారు. ఏం సంగతులంటే, చాలా బాగున్నాననడం. కింద వినపడే వాయిద్యాలు ఇథియోపియా జాజ్ విద్వాంసుడు ములాటు అస్టాట్కే పాత రికార్డులోవి. న్యూయార్క్, కింగ్‌స్టన్, అడిస్ అబాబా మూడూ మూడు నిమిషాల్లో.

జమైకాకూ న్యూయార్క్ ర్యాప్‌కూ ఉన్న ఈ చుట్టరికం నిజానికి ఆల్బం పేరుకంటే పాతది. కూల్ హెర్క్ కింగ్‌స్టన్‌లో పుట్టి, 1967లో పన్నెండేళ్ళప్పుడు న్యూయార్క్ బ్రాంక్స్‌కు వచ్చిన పిల్లాడు. జమైకా వీధుల్లో చూసిన పెద్ద సౌండ్ సిస్టమ్‌ల అలవాటు అతనితోనే వచ్చింది. 1973 ఆగస్టు 11న చెల్లెలి పార్టీలో అతను వాయించిన రాత్రినే హిప్ హాప్ పుట్టినరోజుగా జరుపుకుంటారు. నాస్ పుట్టింది అదే ఏడాది సెప్టెంబరు 14న. నాకు ఇంకా ఇష్టమైన ముడి ఇంకొకటుంది. 1987లో బ్రాంక్స్‌కు చెందిన రాపర్ కేఆర్‌ఎస్-వన్ క్వీన్స్‌బ్రిడ్జ్ పని అయిపోయిందని ఎగతాళి చేస్తూ ఒక పాట చేశాడు. ఆ ఎగతాళి మొత్తం జమైకా డీజేల బాణీలో సాగుతుంది. అప్పుడు నాస్‌కు పదమూడేళ్ళు, అదే క్వీన్స్‌బ్రిడ్జ్‌లో. తన పేటను ఏ బాణీలో వెక్కిరించారో ఆ బాణీకి వారసుడైన మనిషితో, ఇరవై మూడేళ్ళ తర్వాత, భుజం కలిపి ఆల్బం చేశాడు. ఇది తెలిశాక మొదటి పాటలో వాళ్ళు ఒకరి మాట ఒకరు పూర్తిచేస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

పాటల విషయానికొస్తే, నేను ఎక్కువసార్లు విన్నది 'పేషెన్స్'. అమాడు, మరియం అనే చూపులేని మాలి దంపతుల 'సబాలి' పాట మీద కట్టారు. బంబారా భాషలో సబాలి అంటే ఓర్పు. అంటే మూలంలోని మాటనే ఇంగ్లీషులోకి తెచ్చి పేరు పెట్టారన్నమాట. ఇందులో డేమియన్ పెద్ద చదువులు చదివినవాళ్ళు చివరికి జలుబుకు మందు చెప్పలేరంటాడు. నాస్ మత గ్రంథాలు ఎవరు రాశారు, భూమి ఎలా పుట్టింది అని వరసగా ప్రశ్నలు వేస్తాడు. ఒక్కదానికీ జవాబు చెప్పడు. చెప్పకపోవడమే బాగుంది. అమాడు 2025 ఏప్రిల్‌లో పోయారని చదివిన రోజు ఈ పాట ఒక్కటే నాలుగుసార్లు విన్నాను.

'ల్యాండ్ ఆఫ్ ప్రామిస్' రెండోది. 1999లో పోయిన డెనిస్ బ్రౌన్ పాత పాటలోని గొంతు వెనకనుంచి వస్తుంటే డేమియన్ ఆఫ్రికాను అమెరికా పటంమీద పరుస్తాడు. ఘనా కాలిఫోర్నియాలా ఉంటే, లాగోస్ లాస్ వేగాస్‌లా ఉంటే, సోమాలియాలో న్యూయార్క్ దీపాలు వెలిగితే ఎలా ఉంటుందో ఊహించమంటాడు. పాత్వా రాని రోజుల్లో ఇది నాకు ఊళ్ళ పేర్ల జాబితా. వచ్చాక కళ్ళు చెమర్చాయి. 'ఫ్రెండ్స్' వెనకున్న గొంతు 1977లో అంగోలా కల్లోలంలో హతుడైన డేవిడ్ జే అనే గాయకుడిది. తెలుసుకున్నాక ఆ పాటలో స్నేహం, నమ్మకం అన్న మాటల బరువే మారిపోయింది. గట్టి దెబ్బ కావాలంటే 'నా మీన్'. న్యూయార్క్ వీధి భాషలో "అర్థమైందా?" అనడం అది.

లోపాలు లేకపోలేదు. 'ల్యాండ్ ఆఫ్ ప్రామిస్', 'నా మీన్', 'పేషెన్స్' మినహాయిస్తే రెండో సగం నెమ్మదిస్తుంది. 'ఇన్ హిజ్ ఓన్ వర్డ్స్' నాకు ఇన్నేళ్ళలోనూ అంటలేదు. 'మై జనరేషన్'లో గాయని జాస్ స్టోన్, రాపర్ లిల్ వేన్ వచ్చి చేరతారు. ఉద్దేశం మంచిదే, కానీ పాట బడి వార్షికోత్సవంలో పాడేదానిలా తేలిపోయింది. అదీ కాక, మొత్తమ్మీద ఉపదేశం పాలు ఎక్కువ. ఆఫ్రికా మేలుకోవాలి, తరం మేలుకోవాలి అని వరసగా వింటే బరువెక్కుతుంది. 'యాజ్ వి ఎంటర్'లాంటి ఆటపాట ఇంకొక్కటి మధ్యలో ఉంటే ఎంత బాగుండేదో.

వినే పరికరం గురించి కూడా చెప్పాలి. ఫోన్ స్పీకర్‌లో వింటే ఈ ఆల్బం విన్నట్టు కాదు, బేస్, అంటే అడుగున మోగే మంద్ర స్వరం, పూర్తిగా మాయమవుతుంది. ఈ సంగీతానికి నేల బేసే. 2016లో హైదరాబాద్ తిరిగొచ్చాక కారులో మంచి స్పీకర్లు పెట్టించి, ఔటర్ రింగ్ రోడ్డు మీద 'ట్రైబ్స్ ఎట్ వార్' పెట్టినప్పుడే ఆ పాట అడుగున ఏముందో తెలిసింది. నాలుగేళ్ళ రైలు ప్రయాణంలో చౌక ఇయర్‌ఫోన్స్ నాదగ్గర దాచిపెట్టిందంతా అది. నా సీడీ గీతలుపడి ఏడో పాట దగ్గర ఆగిపోతుంది కాబట్టి ఇప్పుడు ఎక్కువగా స్ట్రీమింగ్‌లోనే వింటాను.

మనవాళ్ళకు డేమియన్ గొంతు కొత్తేమీ కాకపోవచ్చు. 2011లో మిక్ జాగర్, జాస్ స్టోన్, డేవ్ స్టూవర్ట్‌లతో పాటు ఏఆర్ రెహమాన్ కలిసి చేసిన 'సూపర్‌హెవీ' ఆల్బంలో ఇతనూ ఉన్నాడు. అది విని ఇతని దగ్గరికి వచ్చిన స్నేహితులు నాకు ముగ్గురున్నారు. ముగ్గురికీ ఒకే మాట చెప్పాను. మొదట 'యాజ్ వి ఎంటర్' ఒక్కటే మూడుసార్లు వినండి, ఒకసారి నాస్‌ను, ఒకసారి డేమియన్‌ను, ఒకసారి ఇద్దరినీ. తర్వాత సాహిత్యం ఎదురుగా పెట్టుకుని 'ల్యాండ్ ఆఫ్ ప్రామిస్'. 'పేషెన్స్' మాత్రం చీకట్లో, ఇయర్‌ఫోన్స్‌తో, ఫోన్ పక్కన పెట్టేసి వినండి.